జమ్మలమడుగు నుంచి వేముల దాకా ఒక కడప రాయితో

ఈస్టిండియా కంపెనీవాళ్లతో పోరాడిన మా అమ్మవాళ్ల వంశం పెద్దాయన పేరిట ఊరి మొదట్లో రాయి నిలబెడుతున్నానని మా నారాయణ మామ ఫోన్ చేశాడు. "నువ్వు కాలేజీలో హిస్టరీ చెప్తాండావు కదా పాపా, నాలుగు మాటలు రాసుకోని రా" అన్నాడు. మామది పులివెందుల దాటాక వేముల దగ్గర ఊరు. జమ్మలమడుగులో పాలిష్ పట్టిస్తున్న ఆ రాయిని వెంటబెట్టుకుని రావడం కూడా నా పనే. ఆంగ్లేయులు సామ్రాజ్యం ఎందుకు కట్టారన్న పాఠం ఏళ్లుగా చెబుతున్నాను గానీ, మా ఇల్లు కూడా అందులో ఉందనుకోలేదు. గర్వంగానే బయలుదేరాను.

ప్రొద్దుటూరులో ఆరు గంటలకు బస్సెక్కితే ముప్పావుగంటలో జమ్మలమడుగు. చలికాలం కాబట్టి శనగచేల మీద మంచు పరుచుకుని, నేల ఎక్కడుందో ఆకాశం ఎక్కడుందో తెలియలేదు. బస్టాండు దగ్గర నలభై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిని, రాయితో సహా వేముల దాకా రెండున్నర వేలకు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ మస్తాన్ రాయిని తట్టి చూశాడు.

"ఏంది మేడం, సమాధి రాయా?"

"కాదు, ఇంగ్లీషువాళ్లతో పోరాడినాయన రాయి."

"ఈడ ఏముందని వచ్చినారు మేడం వాళ్లు, ఎండకు ఎండేదానికి కాకపోతే?"

పెన్న వంతెన మీద పోతూ చెప్పాను. నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఈ నేల కూడా పోయింది. ఇంగ్లీషువాళ్ల రాజ్యం ఎలా పెరిగిందంటే చరిత్రకారులు తలా ఒక మాట అంటారు. వ్యాపారం కోసం, పన్నుల కోసమని కొందరు. లండన్ వద్దన్నా ఇక్కడి దొరలే ముందుకు పోయారని కొందరు. ఫ్రెంచివాళ్ల భయంతోనని ఇంకొందరు. ఇక్కడివాళ్ల సాయం లేకపోతే గుప్పెడు మంది ఇంత దేశాన్ని ఏలలేరనేవాళ్లూ ఉన్నారు.

"ఆ చివరి మాట మాత్రం మీ ఊళ్లో చెప్పాకండి, కొడతారు" అని నవ్వాడు మస్తాన్.

ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల పొగ మంచులో కలిసి, అసలు గొట్టాలే లేనట్టు మాయమైంది. తర్వాత నిద్ర కమ్మింది. కళ్లు మూస్తే మా పెద్దాయన గుర్రం మీద ఆటో పక్కనే వస్తున్నాడు. ముఖం మాత్రం ఎంతకీ కనిపించలేదు. మెలకువ వచ్చేసరికి పులివెందుల దాటి చీనీ తోటల మధ్య, అదే బత్తాయి తోటల మధ్య ఉన్నాం.

ఊళ్లో రాయి దించడానికి మామ స్నేహితుడు ఓబులేసు వచ్చాడు. వాళ్లది గొర్రెలు కాసిన వంశం, ఇప్పుడు చీనీ తోట ఉంది. నేను రాసుకొచ్చింది చదివితే మామ కళ్లు తడిశాయి. ఓబులేసు మెల్లగా అన్నాడు, "శానా బాగుంది పాపా. అయితే మామా, వచ్చే జాతరకు మా కాళ్లు ఎందుకు కడుగుతావు?"

జాతర నాడు అమ్మవారి ముందు మా మామ ఇంటి పెద్ద ఓబులేసు ఇంటి పెద్ద కాళ్లు కడగడం చిన్నప్పుడు నేనూ చూశాను. మొక్కుబడి అనుకున్నాను. మామ ముఖం పాలిపోయింది. ఓబులేసే చెప్పాడు.

"తిరగబడిన పాళెగాడు దాక్కున్న గుట్టకు దారి చెప్పమని కంపెనీవోళ్లు అడిగినారు పాపా. మావోడు చెప్పలేదు, చంపినారు. చెప్పింది మీవోళ్లు. అప్పట్నుంచి కడుగుతాండారు. మాకుండే హిస్టరీ అదొక్కటే."

"నీకు తెలుసా మామా?" అన్నాను.

"మా నాయన చెప్పినాడు. రాతి మీద పోరాడినాడని రాస్తే ఆ మాట పోతాదిలే అనుకుంటి."

నాకు కోపమొచ్చింది, దాని వెనకే జాలీ వచ్చింది. సంగటి, ఊరిబిండి పచ్చడి ముందు పెట్టుకుని ముగ్గురం తిన్నాం. చెయ్యి కడుక్కున్నాక మామే నోరు విప్పాడు. "రాసుకో పాపా. దారి చెప్పకుండా ఈ ఊరి గొర్రెల కాపరి చచ్చిపోయినాడు. దారి చెప్పింది మావోళ్లు. అట్లే రాయి." తర్వాత స్నేహితుడి వైపు తిరిగాడు. "మీవోని పేరు చెప్పప్పా, అన్నిటికన్నా పైన వేయిస్తా."

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "పేరు యాడ తెలుసు మామా? ఇన్నేండ్లలో ఎవురూ అడగలా."

వారం తిరక్కముందే మామ రాయి చెక్కించి ఫొటో పంపాడు. అడుగున తన పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. 'స్థానికుల సహకారం' అని క్లాసులో ఒక్క ఊపిరిలో చెప్పి దాటేసే నాకు, ఆ మాట కింద మా మామ సంతకం పెట్టినట్టుంది. ఇక ఆ పాఠం అంత తొందరగా చెప్పలేను.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. పులివెందుల నుంచి వేముల వైపు ఆటోలు పొద్దున బాగా దొరుకుతాయి, రాయి ఊరి మొదట్లోనే కనిపిస్తుంది. పై వరుస ఖాళీగా ఉంటుంది, చెక్కడం మరిచిపోయారనుకోకండి.