పారబోసిన గోంగూర మాంసం

ఏడేళ్ళుగా ఒక గిన్నెడు కూర నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేక, కక్కలేక ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. జాలి పడమని కాదు.

మా ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసరు. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు ఒక స్కూలు హాల్లో కూడేది. పిల్లలకు సండే స్కూలు నేనే చెప్పేదాన్ని. చెట్టును దాని పండును బట్టి, మనిషిని నడవడిని బట్టి గుర్తుపట్టాలని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బాగా చెబుతానని పేరు కూడా.

ఆ ఏడు క్రిస్మస్ ప్రేమవిందుకు తలా ఒక వంటకం తేవాలనుకున్నాం. గిన్నెలు అందుకుని బల్ల మీద సర్దే పని నాది. కంటోన్మెంటులో ఆర్మీ వంటవాడి భార్య సువార్త, సంఘంలో చేరి రెండు నెలలైందేమో, గోంగూర మాంసం తెచ్చింది. గోంగూర ఊరి నుంచి రైల్లో తెప్పించుకుందట. మూత తీస్తే ఘుమఘుమలాడింది.

సువార్త మాదిగ గూడెంలో పుట్టిన మనిషి. మాది పెద్ద కులం. మా తాతగారు బాప్తిస్మం తీసుకున్నారు గానీ కులాన్ని మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నారు. నేను ఆ గిన్నె ఎత్తుకెళ్ళి హాలు వెనక కాలవలో పారబోశాను. కడిగి, తుడిచి ఆమె చేతికిచ్చాను.

“పాడైపోయిందమ్మా సువార్తా. వాసనొచ్చింది.”

ఆమె ఖాళీ గిన్నెలోకి చూసింది. “పొద్దున్నే వొండానక్కా. ఈ చలికి పాడైద్దా?”

“అయింది మరి.”

“అచ్ఛా,” అంది. భోజనానికి కూర్చోలేదు. మళ్ళీ మా సంఘానికి రాలేదు. తర్వాతి ఆదివారం అదే నోటితో పిల్లలకు పాఠం చెప్పాను.

ఎందుకు చేశాను? ఎవరూ ముట్టకపోతే ఆమె చిన్నబోతుందని, ఆ అవమానం తప్పించానని చాన్నాళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శుద్ధ అబద్ధం. నేను తినాల్సి వస్తుందని చేశాను. నా పిల్లలు తింటారని చేశాను. పొరపాటున చెయ్యి జారడం లాంటిది కాదిది. బల్ల దగ్గర్నుంచి కాలవ దాకా గిన్నె మోసుకుంటూ నడిచాను, ఏ అడుగు దగ్గరైనా ఆగి వెనక్కి తిరగొచ్చు, తిరగలేదు. నేనెలాంటిదాన్నో ఇంకెవరైనా చెప్పాలా?

పోయిన నెల పాస్టరుగారికి చెప్పాను. ప్రభువు ఎప్పుడో క్షమించేశాడు, ఇప్పుడు బయటపెడితే సంఘానికి చెడ్డపేరు అన్నారు. రానివ్వండి! సువార్తకు చేసిన తప్పుకు ప్రభువు దగ్గర క్షమాపణ ఎలా తీసుకోను? ఆ రోజు పక్కనే ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి చూశారు. ఒక్కరూ నోరెత్తలేదు. ఇది వాళ్ళూ చదవనీ.

సువార్త భర్తకు పోస్టింగు మారిందని విన్నాను. ఎక్కడికో కనుక్కోలేదు. ఒక్క ఫోను చేస్తే తెలిసేది. చెయ్యలేదు. అదీ రాయాలి.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ మాంసం చక్కగా ఉంది. సువార్త వండిందని పారబోశాను. హమ్మయ్య, రాసేశాను. ఇక ఏమైనా అనుకోండి.