నాయన అతికించిన జుట్టు

నా తలలో మొదటి బిళ్ళను కనిపెట్టింది మా పాప. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. సెలవు రోజు వెనక కూర్చుని నా జడ చిక్కు తీస్తూ, చెవి పైభాగాన రూపాయి బిళ్ళంత చోటు నున్నగా ఉందని చెప్పింది. పేనుకొరుకుడు అనుకుని పక్కింటావిడ చెప్పిన పసరేదో రాశాను. మూడు నెలలు తిరిగేసరికి ఆ బిళ్ళ పక్కన మరొకటి, నడినెత్తిన ఇంకొకటి వచ్చాయి.

చిత్తూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ తల చూసి, ఒంట్లో మనల్ని కాపాడాల్సిన శక్తే దారితప్పి వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతోందని చెప్పింది. ప్రాణానికి ఏమీ కాదంది. మళ్ళీ మొలవచ్చు, మొలవకపోవచ్చు అని కూడా అంది. తలలో సూదులు వేశారు. మందులు రాసుకున్నాను. అయినా దువ్వెన పెట్టిన ప్రతిసారీ పిడికెడు వచ్చేది. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. నల్లబల్ల వైపు తిరిగితే వెనక యాభై మంది పిల్లలు నా తలనే చూస్తారని భయపడి, పక్కకు ఒరిగి, సగం గోడవైపూ సగం పిల్లల వైపూ మొహం పెట్టి రాయడం అలవాటు చేసుకున్నాను. అంకెలు వంకర పోయేవి. పిల్లలు అడగలేదు. అడగకపోవడమే నాకు మరీ కష్టంగా ఉండేది.

మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, తిరుమల కొండకు పోయి గుండు చేయించుకుందామన్నాడు. ఆ మాట విని ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. మా వైపు ఊళ్ళలో గుండుతో కనిపించిన ఆడమనిషిని ఎవరూ తేరిపార చూడరు. ఏ మొక్కు తీరిందో అనుకుంటారు, అంతే. మరుసటి వారమే పోయాం. తలనీలాలిచ్చి, తలకు చందనం పూసుకుని, దర్శనం చేసుకుని దిగి వచ్చాం. సోమవారం స్కూలుకు పోతే స్టాఫ్‌రూంలో అందరూ లడ్డూ ఎక్కడ అని అడిగారు. ఒక్కరు కూడా జుట్టు సంగతి ఎత్తలేదు. చాలా రోజుల తర్వాత ఆ రోజు నల్లబల్లకు ఎదురుగా నిలబడి రాశాను.

నిజం మా నాయనకు కూడా చెప్పలేదు. నాయనది పుత్తూరులో చిన్న సెలూన్. నలభై ఐదేళ్ళుగా అదే అంగడి. ఆ కత్తెర ఆడితేనే నేను బీయెడ్ దాకా చదివాను. పదిమంది జుట్టు చూసుకుని బతికిన మనిషికి, సొంత కూతురి తలలో జుట్టు నిలవడం లేదని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. గుండు తర్వాత మొదటిసారి చూసినప్పుడు ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, దర్శనం బాగా అయిందా అని మాత్రం అడిగాడు. బాగా అయిందన్నాను.

ఆరు నెలలకు చెవుల పక్కన, వెనక భాగాన జుట్టు వచ్చింది. నడినెత్తిన రాలేదు. ముందు నుంచి పాపిడి దాటేదాకా నున్నగా, అక్కడక్కడా నాలుగు పోచలతో ఉండిపోయింది. మళ్ళీ గుండు చేయించాను. ఒక రోజు కాణిపాకంలో ఒక విద్యార్థి తల్లి ఎదురై, మళ్ళీ కొండకు పోయొచ్చారా మేడం అని అడిగింది. అవునన్నాను. మీకు భక్తి ఎక్కువ అంది. దేవుడి గుడిలో నిలబడి దేవుడి పేరు మీద అబద్ధం చెప్పానని ఆ రోజంతా మనసు బాగాలేదు. మూడోసారి ఆ అబద్ధం చెప్పే ఓపిక లేదనిపించింది.

అప్పుడే తిరుపతిలో హెయిర్ ప్యాచ్ పెట్టే చోటు గురించి తెలిసింది. ఒక లాడ్జి పక్కన, మేడమీద రెండు గదులు. నడిపేది నా వయసు ఆవిడే. నేను కుర్చీలో బిగుసుకుపోయి కూర్చోవడం చూసి, ఆవిడ తన నుదుటి దగ్గర జుట్టును గోటితో కొద్దిగా ఎత్తి చూపించింది. కింద సన్నని జాలీ గుడ్డ కనిపించింది. ఆవిడ పెట్టుకున్నదీ ప్యాచే. నేను అంతసేపూ ఆ జుట్టునే ఆశగా చూస్తూ ఉన్నాను మరి. నా తలకు పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దానిమీద టేపు అంటించి, జుట్టు లేని చోటికి పెన్నుతో గీత గీసి కొలత తీసుకుంది. ఆ కొలతకు జాలీ కత్తిరించి, దాని మీద ఒక్కొక్క వెంట్రుకా ముడివేసి తయారు చేస్తారట.

నెలన్నరకు వచ్చింది. భుజాల దాకా దిగే నల్లటి జుట్టు. ఆవిడ పావుగంటలో అతికించేసింది. అద్దంలో చూసుకుని ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు, విపరీతమైన ఆకలి వేసింది. మెట్లు దిగి ఎదురుగా ఉన్న హోటల్లో రెండు దోసెలు తిన్నాను. ఆ జుట్టు మరీ ఒత్తుగా, సినిమా మనిషిలా అనిపించింది గానీ, ఆ రోజు దాని గురించి పట్టించుకోలేదు. స్కూల్లో ఇంత పొడుగెలా వచ్చిందని అడిగినవాళ్ళకు సవరం పెట్టుకున్నానని చెప్పాను.

మూడు వారాలకొకసారి దాన్ని తీసి, తలా జుట్టూ శుభ్రం చేసి, మళ్ళీ అతికించుకోవాలి. ఎలాగో ఆవిడ చూపించింది. లెక్కల టీచర్ని, ఇది నాకు రాదా అనుకుని తల ఊపి వచ్చేశాను. అసలు కష్టం అక్కడ మొదలైంది.

మొదటి మూడు వారాలు నిండిన ఆదివారం పొద్దున మా ఆయన డ్యూటీకి పోయాక తలుపు గడియ వేసి కూర్చున్నాను. మరునాడు స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం, పదో తరగతి గురించి నేనే మాట్లాడాలి. జిగురు కరిగించే మందు సరిగ్గా నాననీయకుండా ప్యాచ్‌ను లాగాను. చర్మం మంట పుట్టింది. మంట తగ్గాలని కొబ్బరినూనె రాశాను. ఆ తర్వాత సీకాయతో రుద్ది కడిగాను గానీ జిడ్డు పూర్తిగా పోలేదు. ఆ జిడ్డు మీదే టేపు అంటించాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది. వెంట్రుకలు ఎగిరి టేపుకు అతుక్కున్నాయి. వాటిని పీకుతుంటే ముందు అంచు జారి కనుబొమ్మల పైకి వచ్చింది. రెండోసారి పెడితే ఎడమకు వంకర పోయింది. మూడోసారి టేపు అసలు పట్టలేదు. ప్యాచ్ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. రేపు సెలవు పెడతానని పాపతో అన్నాను.

అది పెరట్లోకి పోయి వాళ్ళ తాతకు ఫోన్ చేసింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. మధ్యాహ్నం భోజనాల వేళకు నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో అంగట్లో వాడే తోలు సంచీ. సెలూన్‌కు ఆదివారమే ఎక్కువ గిరాకీ. నాకు తెలిసి ఆదివారం పూట ఆయన అంగడి మూసింది అంతకు ముందు ఒక్కసారే, మా అమ్మ పోయిన రోజు.

తలకు చున్నీ చుట్టుకోబోయాను. నాయన వద్దన్నాడు. కుర్చీ తెచ్చి కిటికీ వెలుతురులో వేసి, నన్ను కూర్చోమన్నాడు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను, అది మొక్కు గుండు కాదని. ఆయన మధ్యలోనే ఆపాడు.

"మొక్కు గుండు ఎట్లుంటాదో నాకు తెలీదా అమ్మణ్ణీ? గొరిగినాక తలంతా ఒకే తీరుగా పచ్చగా తేలతాది. నీ తలలో ఆ పచ్చన లేని సోట్లు నాలుగు ఉండె. ఆ పొద్దే సూసినా."

"మరి ఎందుకు అడగలేదు నాయనా?"

"కుర్చీలో కూసున్నోళ్ళు సెప్పనిది మనం అడగరాదు. అట్ల అలవాటైపోయినాది." తోలు సంచీ విప్పుతూ మళ్ళీ అన్నాడు. "కూతురివి గదా. అడగాల్సింది."

ఆ రెండు ముక్కలతో ఏడాదిన్నరగా గుండె మీద పెట్టుకున్న బరువు దిగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడనట్టే వేలితో నా నెత్తి మీద రాసి, ఆ వేలిని బొటనవేలితో రుద్ది చూసి, నూనె పెట్టావా అని అడిగాడు. పెట్టానన్నాను. జిడ్డు మీద ఏదీ నిలవదని చెప్పి, తనే రెండుసార్లు షాంపూతో కడిగాడు. చిన్నప్పుడు నాకు తలంటు అమ్మ పోసేది. నాయన చేతుల్లో తల పెట్టడం నాకు గుర్తుండగా అదే మొదటిసారి.

తుండుతో ఒత్తి, అరగంట ఊరికే ఆరనిచ్చాడు. ఫ్యాన్ ఆపమన్నాడు. ప్యాచ్‌తో ఇచ్చిన డబ్బాలో ఇంగ్లీషులో రాసి ఉన్న కాగితం పాప చదివి తెలుగులో చెబుతుంటే తల ఊపుతూ విన్నాడు. అతికించాల్సిన చోట మిగిలిన నాలుగు పోచల్ని కత్తితో తీసేశాడు. స్పిరిట్ ముంచిన దూదితో తుడిచాడు. చర్మానికి పైపూతగా ఇచ్చిన మందు రాసి, అది పూర్తిగా ఆరేదాకా కూర్చున్నాడు. నేను రెండుసార్లు అయిందా అని అడిగాను. తొందరపడబట్టే ఇందాక పాడైందన్నాడు.

టేపును నాలాగా పొడుగ్గా వేయలేదు. చిన్న చిన్న ముక్కలు చేసి, జాలీ అంచు వెంట మధ్యలో సందు వదిలి వేశాడు. తల గుండ్రం, పొడుగు ముక్క ముడతలు పడుతుందన్నాడు. తర్వాత ఎడమ చేతి నాలుగు వేళ్ళు నా కనుబొమ్మల పైన ఆనించి, పై వేలు ఆనిన చోట కాటుకతో చిన్న చుక్క పెట్టాడు. ప్యాచ్ జుట్టంతా వెనక్కు దువ్వి రబ్బరు బ్యాండు వేశాడు. ముందు అంచును ఆ చుక్కకు ఆనించి, సరిగా ఉందని చూసుకున్నాకే వెనక్కు మెల్లగా పరుస్తూ పోయాడు. దువ్వెన వీపుతో అంచులన్నీ ఒత్తాడు. ఒత్తుతూ లోపల లెక్కపెట్టుకుంటున్నాడని పెదవుల కదలిక బట్టి తెలిసింది.

అయిపోయిందనుకుని లేవబోయాను. భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఇంత ఒత్తుగా యా ఆడదానికీ ఉండదు. సూసేవాళ్ళకు అనుమానం వచ్చేది అందుకే."

సంచీలోంచి జుట్టు పల్చన చేసే పళ్ళ కత్తెర తీశాడు. ప్యాచ్ జుట్టు ఒకసారి కత్తిరిస్తే మళ్ళీ పెరగదు కదా, చాలా భయపడుతూ, నాలుగు వెంట్రుకలు తీసి దూరంగా నిలబడి చూస్తూ, మళ్ళీ నాలుగు తీస్తూ గంటసేపు చేశాడు. పాపిడి నడిమధ్య కాకుండా కొంచెం కుడి పక్కకు తీశాడు. నా పాత పాపిడి అక్కడే ఉండేది. ఫోటో ఏమీ అడగలేదు. చెవుల దగ్గర రెండు పోచలు చిన్నవి చేసి వదిలాడు. పాప అద్దం తెచ్చింది. అద్దంలో ఉన్నది సినిమా మనిషి కాదు, రెండేళ్ళ కిందటి నేను.

బావుందా అని నాయన అడగలేదు. బిల్లు కట్టే ముందు గిరాకీలు చూసుకునేటట్టు, రెండో అద్దం వెనక పట్టుకుని మెడ భాగం చూపించాడు. అది చూసి నాకూ పాపకూ నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత ముగ్గురం చల్లారిపోయిన అన్నం, వేరుశనగ పచ్చడి, చారుతో తిన్నాం. సాయంత్రం బస్సుకు పోతూ, ఒక రోజంతా తడపొద్దని, చెమట పట్టే పనులు చేయొద్దని పాపకు చెప్పాడు, నాకు కాదు.

సోమవారం సమావేశంలో మాట్లాడాను. ముందు వరసలో కూర్చున్న ఒక తండ్రి నన్నే చూస్తుంటే నుదుటి దగ్గర అంచు లేచిందేమో అనుకున్నాను. చివర్లో ఆయన లేచి, తన కొడుక్కి బీజగణితం ఎందుకు ఎక్కడం లేదని అడిగాడు. అంతసేపూ ఆ ప్రశ్న అడగాలనే నన్ను చూస్తున్నాడు. ఆ పిల్లవాడి సంగతి వివరంగా, సంతోషంగా చెప్పాను.

తర్వాత రెండుసార్లు నాయనే వచ్చి అతికించాడు, మంగళవారం సెలూన్ సెలవు నాడు. మూడోసారి ఆయన పక్కన కూర్చుంటే నేను చేశాను. ఇప్పుడు సొంతంగా ముప్పావు గంటలో అవుతుంది. ఒకసారి జిగురు పడక దద్దుర్లు వచ్చాయి. కొత్త డబ్బా ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. స్టాఫ్‌రూంలో నాతో దగ్గరగా ఉండే టీచరుకు నిజం చెప్పేశాను. ఆమె నోరు తెరిచి చూసి, లాగి చూడొచ్చా అని అడిగింది. లాగమన్నాను. ఊడలేదు.

వేసవి సెలవుల్లో చర్మానికి గాలి తగలాలని దాన్ని తీసి పెట్టేస్తాను. మొన్న మేలో ఒక పొద్దున వరండాలో జవాబు పత్రాలు దిద్దుతుంటే పాలామె వచ్చింది. గిన్నె తెచ్చి పాలు పోయించుకుని, ఆవు ఈనిందా అని అడిగి, ఆమె దూడ గురించి చెప్పిందంతా గేటు దగ్గర నిలబడి విన్నాను. ఆమె సందు చివర తిరిగాక గానీ, నా తల మీద ఏమీ లేదని గుర్తు రాలేదు. పాలు పొయ్యి మీద పెట్టి మళ్ళీ పత్రాల దగ్గర కూర్చున్నాను.