పళ్ళెం చూపిస్తేనే గ్లాసు

మా కానియో మావయ్యకి ఒకటే చాదస్తం. ఎదుటివాడి పళ్ళెంలో ఏముందో చూడనిదే తన వైన్ ఒక్క చుక్క కూడా పొయ్యడు.

అది అల్యానికో ద్రాక్షతో చేసిన వైన్. మా ఊరి వుల్తురె కొండని తొలిచిన గుహలో, పీపాలో మూడేళ్ళు పడుకుని లేస్తుంది. నోట్లో పోసుకోగానే పచ్చి వక్క కొరికినంత వగరు. "ఆ వగరుకి కొరకడానికి ఏదో ఒకటి కావాలే. కొవ్వున్న మాంసం పెడితే దాన్ని కొరుకుతుంది. పెట్టకపోతే నీ నాలుకని కొరుకుతుంది," అంటాడు మావయ్య. చుట్టుపక్కల ఇలాంటి వైన్ ఇంకొకడు చెయ్యలేడు. ఆయన అక్క కూతుర్ని కాబట్టి చెప్పడం లేదు, కాకపోయినా ఇదే చెబుదును.

ఒకసారి మిలానో నగరం నుంచి ఒక వ్యాపారి తన గ్లాసు తనే పట్టుకుని వచ్చాడు.

"మధ్యాహ్నం ఏం తిన్నారు?" అన్నాడు మావయ్య.

"ఉడకబెట్టిన చేప."

"అయ్యో, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. కాస్త పొయ్యండి, రుచి చూసి ఉమ్మేస్తాను."

"ఉమ్మడానికైతే వీధి కుళాయిలో మంచి నీళ్ళొస్తాయి. రేపు గొర్రెమాంసం తిని రండి."

సొంత కూతురి పెళ్ళిలో, పెళ్ళికొడుకు పళ్ళెంలో పాలకూర తప్ప ఏమీ లేదని అతని గ్లాసులో నీళ్ళు పోశాడు. ఉపవాసాల శుక్రవారం నాడు ఫాదర్ గారు వచ్చి, "కనీసం వాసనైనా చూడనివ్వు కానియో" అని బతిమాలితే, "వాసనలోకి ఏం నంజుకుంటారు ఫాదర్?" అన్నాడు.

ఏటా నవంబరులో, సాన్ మార్తీనో పండుగనాడు, మా గుహలన్నీ తలుపులు తెరుస్తాయి. ముగ్గురు న్యాయనిర్ణేతలు గుహ గుహకీ తిరిగి రుచి చూస్తారు. గెలిచిన తలుపుకి ద్రాక్షతీగల దండ కడతారు. నడుమ ఏమీ తినకూడదన్నది వాళ్ళ నియమం. తినందే పొయ్యననేది ఈయన నియమం. అలా పదకొండేళ్ళు మా వైన్‌ని వాళ్ళు నాలిక మీద వేసుకోనేలేదు.

ఈ ఏడు మావయ్యకి డెబ్భై ఎనిమిది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. "పోయేలోపు ఒక్కసారి ఆ దండ నా తలుపుకి చూసుకోవాలనుందే," అన్నాడు.

"అయితే వాళ్ళకి ఉత్తగా పోస్తావా?"

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "సాయంత్రమేగా వచ్చేది? పోస్తాలే."

"ఒట్టు?"

"ఒట్టే."

పండుగనాడు సంతోషం పట్టలేక గొర్రెమాంసం వండాను, పైన వేయించిన ఎండుమిరపకాయలు వేసి.

తీరా న్యాయనిర్ణేతలు మధ్యాహ్నం భోజనాల వేళకే దిగబడ్డారు. మావయ్య పీపా కుళాయి మీద చెయ్యి వేశాడు. అంతలో గుమ్మంలో జెరార్దో కనిపించాడు. రాళ్ళు చెక్కే మనిషి, ఒంటరివాడు, రోజూ ఆ వేళకే వస్తాడు. మావయ్య చెయ్యి ఆగిపోయింది.

"ముందు పళ్ళెం. తర్వాతే గ్లాసు," అన్నాడు వాళ్ళతో.

"మా నియమం నీకు తెలుసు కదా కానియో!"

"నా నియమమూ మీకు తెలుసు కదా!"

వాళ్ళు వెళ్ళిపోయారు. జెరార్దో పగలబడి నవ్వాడు. "చేతికొచ్చిన దండని తన్నేసుకున్నావు కదరా, గాడిదా!"

"తెలుసులే. కూర్చుని తిను."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనకగదిలో ఉన్న రొక్కీనా అత్త మీద విరుచుకుపడ్డాను. "ఒట్టేసి మరీ మాట తప్పాడు చూడు!"

అత్త గొంతు తగ్గించింది. "పన్నెండేళ్ళ కింద పెళ్ళాం పోయాక జెరార్దో పొయ్యి వెలిగించలేదే. భోజనానికి పిలిస్తే 'తినే వచ్చాను' అనేవాడు. రోజుకో గ్లాసు వైన్ మాత్రం అడిగేవాడు. వాడొక్కడికే పళ్ళెం పెడితే జాలి పడుతున్నారని మళ్ళీ మన గుమ్మం తొక్కడు. అందుకని మీ మావయ్య ఊరందరికీ పెట్టాడు ఈ నియమం."

"అయితే వాళ్ళకి ఉత్తగా పోసుంటే..."

"వాడు చూస్తున్నాడుగా!"

నా కోపం ఎటు పోయిందో తెలీదు. నవ్వొచ్చింది. ఆ దండ ఈ ఏడు కూడా వేరే తలుపుకే వెళ్ళింది. వెళ్ళనీ.

నేను తిరిగొచ్చేసరికి జెరార్దో గ్లాసు చాపి కూర్చున్నాడు. మావయ్య అతని పళ్ళెంలోకి తొంగిచూస్తున్నాడు.

"ఎముక దగ్గర ఇంకా ముక్క మిగిలింది."

"ఓరి నీ చాదస్తం తగలెయ్య! నీ దగ్గర ఒక్క గ్లాసు తాగాలంటే పొట్ట పగలాలిరా!"

నేను గరిటె తీసుకుని అతని పళ్ళెంలో ఇంకో రెండు ముక్కలు వేశాను.

"నీకూ పట్టిందా ఈ పిచ్చి, అమ్మాయీ?"

"మా ఇంటి నియమం బాబాయ్," అన్నాను, తలెత్తుకుని.