ఇద్దరు నడపాల్సిన లాప్‌టాప్

ఆ రోజుల్లో పాటకూ పాటకూ మధ్య ఖాళీ ఉండేది. ఒక డిస్కు తీసి ఇంకో డిస్కు పెట్టేదాకా ఎవరూ తొందరపడేవారు కాదు. పెళ్లికొచ్చినవాళ్లు ఆ ఖాళీలో పిల్లల్ని మందలించుకునేవారు, పక్కావిడ చీర అంచు తిప్పి జరీ చూసేవారు, మా ఆయన మైకులో మాట్లాడేవాడు. ఇప్పుడు ఆయన లేడు, ఆ ఖాళీ కూడా లేదు. రెండింటిలో ఏది ముందు పోయిందంటే ఖాళీయే. అది పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. (ఆయన పోయిన రోజు కూడా ఉన్నాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.)

మాది హిందూపురం. పెళ్లికి ముందు ఆయన ఒక ఆర్కెస్ట్రాలో పాడేవాడు. రెండు వేల సంవత్సరం దాటాక ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అప్పుడు బెంగళూరు వెళ్లి ఒక డిస్కు ప్లేయరు, రెండు స్పీకర్లు, పెట్టెడు కరోకే డిస్కులు తెచ్చుకున్నాడు. వాటిలో పాటకు వాయిద్యాలు ఉంటాయి, గొంతు ఉండదు. ఆ గొంతు పెళ్లికి వచ్చినవాళ్లు ఇచ్చుకోవాలి. అలా ఇచ్చుకోవాలని ఎంతమందికి ఉంటుందో ఆ పనిలో దిగేదాకా మాకు తెలియదు. మైకు దొరికితే చాలు, తాలూకా ఆఫీసు గుమస్తాలు, పాలకేంద్రం వాళ్లు, కొత్త కోడళ్లు, అందరూ గొంతు సవరించుకునేవారే. మా ఆయన మైకు పట్టుకుని "హలో, హలో" అనకుండా ఏ మాటా మొదలుపెట్టేవాడు కాదు కనుక ఊళ్లో ఆయన్ని హలోసామి అనేవారు. నేను వెనక కూర్చునేదాన్ని. డిస్కులు మార్చడం నా పని. పాడబోయేవాళ్లు ముందు నా దగ్గరికొచ్చి, సిగ్గుపడుతూ, ఒక చరణం చిన్నగా కూనిరాగం తీసేవారు. వాళ్ల గొంతు ఎంతవరకు అందుతుందో చూసి శ్రుతి మీట తగ్గించడమో పెంచడమో చేసేదాన్ని. మధ్యమధ్య లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. బి.ఏ. చదివి నేను చేసిన ఉద్యోగం ఇదొక్కటే. ఇష్టంగానే చేశాను.

డిస్కులకు గీతలు పడేవి. గీత పడిన డిస్కు ఒకే మాట దగ్గర ఆగి నత్తి పట్టినట్టు తిరిగేది. దానికి పళ్లు తోముకునే పేస్టు రాసి, మెత్తగా రుద్ది, కడిగి, నా కొంగుతో తుడిస్తే కొన్నాళ్లు పనిచేసేది. పెళ్లి మధ్యలో నేను ఆ పని మీద ఉంటే ఆయన జనం వైపు తిరిగి, "హలో, హలో. ఒక్క నిమిషం ఓపిక పట్టండప్పా. మా ఇంటామె డిస్కుకి పండ్లు తోముతాండాది. నాకు కూడా ఇంత బాగా కాఫీ ఇయ్యదు" అనేవాడు. ఏ ఊళ్లో అయినా దానికి నవ్వేవారు. వందసార్లు విన్న నేనూ నవ్వేదాన్ని. ఆయన పాడేది తక్కువ, ఈ ఖాళీలో చెప్పేదే ఎక్కువ. పెళ్లికొడుకు మేనమామను, అలిగి మూల కూర్చున్న చిన్నాన్నను, అందరినీ వరసలు పెట్టి పలకరించేవాడు. పెద్దమనుషులు పూటంతా కూర్చున్నా తీరని అలక ఆయన ఒక డిస్కు మార్చేలోగా తీర్చేసేవాడు.

నేను అలా పెళ్లిళ్లకు తిరగడం మా అత్తకు ఇష్టం లేదు. చెడ్డ మనిషేం కాదు. సాయంత్రం ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే ఆమెకు దిగులు. పైగా వీధి అరుగుల మీద ఎవరో ఒకరు, "నీ కోడలు మైకుసెట్టు వెంబడి పోతాందంట గదక్కా" అంటూ ఉండేవారు. ఇంతలో మా ఆడబిడ్డ భర్త, బెంగళూరులో ఉద్యోగం చేసే ఆయన, కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది మాకిచ్చాడు. డిస్కుల్లో పాటలన్నీ దాంట్లోకి ఎక్కించి, పై బాణం గుర్తు నొక్కితే శ్రుతి పెరుగుతుందని, కింది బాణం నొక్కితే తగ్గుతుందని చూపించి, చివర్న మా ఆయనతో అన్నాడు: "ఇంక చెల్లెమ్మను తిప్పే పనిలేదు బావా. ఒగడు చాలు దీనికి." అత్త వెంటనే అందుకుంది. "చూస్తివా? ఇంక నువ్వు ఇంటి పట్టున ఉండొచ్చు అమ్మీ. ఈ ఒక్క ధర్మవరం పెండ్లికి పోయి, వాని చేతికిచ్చి వచ్చేయ్." మా ఆయన నా వైపు చూశాడు. యంత్రంతో వాదించడం ఎలాగో నేను చదివిన పుస్తకాల్లో లేదు. ఇంట్లో నన్నెవరూ కొట్టరు, తిట్టరు. అయినా ఇంక సాయంత్రాలన్నీ ఆ నాలుగు గోడల మధ్యే అనుకుంటే ఊపిరాడలేదు.

ధర్మవరం బయలుదేరే రోజు పొద్దున్నే అత్త లాప్‌టాప్‌కు పూజ చేసింది. కొత్తగా ఇంటికొచ్చిన మిషను ఏదైనా సరే, మోటారైనా మిక్సీ అయినా, పూజ లేకుండా పని మొదలుపెట్టడం మా ఇళ్లలో లేదు. మూత మీద పసుపు రాసింది. మూత తెరిచి అక్షరాల మీద వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. తర్వాత నిమ్మకాయ తెచ్చి, "దీన్ని తొక్కించల్ల, చక్రం యాడుండాది?" అంది.

"అమ్మా, అది లారీ గాదు" అన్నాడు మా ఆయన.

"లారీ గాకుంటే ఏం రా? ఊరూరు తిరిగేదే గదా."

చివరికి నిమ్మకాయ పక్కన పెట్టడానికి ఒప్పుకుని, గుప్పెడు అక్షింతలు మాత్రం తెరిచిన లాప్‌టాప్ మీద నిండుగా చల్లింది. మేము బోర్లించి దులిపాం. పసుపు బియ్యం గింజలు రాలాయి. అన్నీ రాలాయనుకున్నాం.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల ఇంటి పెళ్లి. సాయంత్రం రిసెప్షను. లాప్‌టాప్‌ను ఆయన స్పీకరు పెట్టె మీదే పెట్టుకున్నాడు, ఒక్కడే ముందర నిలబడి నడపాలి కనుక. నాకు చేసేందుకేమీ లేక ఆడవాళ్ల మధ్య కుర్చీలో కూర్చున్నాను. పక్కావిడ మర్యాదగా అడిగింది, "మీరు పెండ్లికొడుకు తరఫా, పెండ్లికూతురు తరఫా?" అని. నేను కాసేపు ఆలోచించి "డిస్కుల తరఫు" అన్నాను. ఆవిడ తన కుర్చీ కొంచెం అటు జరుపుకుంది.

ఒక పాట అయిపోగానే ఇంకొకటి వచ్చేస్తోంది. మా ఆయన "హలో" అనేలోగా వాయిద్యాలు మొదలవుతున్నాయి. రెండో హలోకు చోటు లేదు. పాడినవాళ్లు దిగేలోగా పాడబోయేవాళ్లు ఎక్కి, మైకు దగ్గర ఒకరినొకరు ఢీకొంటున్నారు. కూనిరాగాలు లేవు, అలక తీర్చడాలు లేవు. ఆయన నోరు తెరిచి మూస్తూ నిలబడ్డాడు. అంత దిగాలుగా ఆయన్ని స్టేజీ మీద నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు పెళ్లికూతురి పెద్దనాయన వచ్చాడు. భారీ మనిషి, గొంతు కూడా బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. పాతకాలపు మెల్లని పాట ఒకటి అడిగాడు. కూనిరాగం వినే వ్యవధి లేక మా ఆయన అంచనాగా శ్రుతి ఒక్క మెట్టు పెంచుదామని పై బాణం నొక్కాడు. ఆ మీట పక్క సందులో మా అత్త చల్లిన అక్షింత ఒకటి ఇరుక్కుని ఉంది. కింద స్పీకరులో తబలా దెబ్బ పడినప్పుడల్లా పెట్టె అదిరి, మీట ఇంకోసారి నొక్కుకుపోయి, శ్రుతి ఇంకో మెట్టు పైకి పోతోంది. (ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒకటే, పాట ఎక్కుతోందని.) పల్లవి అయ్యేసరికి పెద్దనాయన బావిలోంచి గట్టు మీదికొచ్చాడు. మొదటి చరణానికి మిద్దె ఎక్కాడు. ఎదురుగా వియ్యాలవారు కూర్చుని చూస్తున్నారు. ఆపితే పరువు పోతుంది. మునివేళ్ల మీద లేచి, మెడనరాలు బిగించి, కళ్లు మూసుకుని పాడాడు. మా ఆయన కింది బాణం నొక్కితే ఒక మెట్టు దిగేది, తబలా మోగగానే మళ్లీ ఎక్కేది. మగపెళ్లివారు ఇదేదో గొప్ప విద్య అనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. వెనక నుంచి ఎవడో అరిచాడు: "ఇంగా పైకి పో పెద్దాయప్పా, పెనుగొండ కొండ కనబడ్తాది!"

మా ఆయన మైకులోనే నన్ను పిలిచాడు, అంతమంది ముందు. "హలో, హలో! ఏమ్మే, యాడుండావు? బిరీన రావే!"

నేను పరుగెత్తాను. పాట ఆపి, లాప్‌టాప్ తిప్పి చూసి, కొంగుకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఆ మీట పక్కన గెలికాను. పసుపు గింజ బయటికొచ్చింది. ఈలోగా ఖాళీ దొరికింది. మా ఆయన మొహం చూడాలి, ఎండిన చేనుకు వాన కొట్టినట్టయింది. "అయ్యా, మా మిషను ఇంతవరకు ఇంత గొంతు యాడా సూడలేదు. యాడిదంకా పోతుందో సూద్దామని పరీక్ష పెట్టింది. మిషనే ఓడిపాయ. పెద్దనాయనకు ఒక సోడా ఇయ్యండప్పా" అన్నాడు. పెద్దనాయన సోడా తాగి, ఊపిరి తీసుకుని, "ఏం మిషనప్పా ఇది, మనిషిని సంపేదానికి తెచ్చినావా?" అని, వెంటనే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "తల్లీ, కొంచెం కిందికి పెట్టు. ఇంగోతూరి పాడతా" అన్నాడు. ఆయన్ని కూనిరాగం తియ్యమని విని, శ్రుతి సరిచేశాను. రెండోసారి బాగానే పాడాడు. దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తిరుగు రైల్లో, పెనుగొండ దాటాక, ఆయన చేతిలో ఆ గింజ పెట్టాను. కాసేపు చూసి కిటికీలోంచి పారేశాడు. ఇంటికి రాగానే అత్త ఎదురొచ్చి, "ఎట్ల పనిచేసె రా, పూజ చేసినందుకు?" అని అడిగింది.

"బెమ్మాండంగా చేసిందిమా" అన్నాడు. "అయితే ఒకటి. దీన్ని ఒకరు నడిపేది గాదు. ఇద్దరు కావల్ల. ఒకరు ముందర చూసుకోవల్ల, ఒకరు ఎనక ఒత్తల్ల. డ్రైవరు, కండక్టరు ఉన్నట్ల."

"మరి అల్లుడు ఒగడు చాలన్యాడే?"

"ఆయప్ప ఆఫీసులో నడుపుతాడు. పెండ్లిలో నడిపినాడా?"

"అయితే పోనీలే. ఏం చేస్తాం, మిషను అట్లాది" అంది అత్త. నా సాయంత్రాలు నాకు దక్కాయి.

ఆ తర్వాత చాలా ఏళ్లు నేను ఆ లాప్‌టాప్ వెనక కూర్చున్నాను. పాటకూ పాటకూ మధ్య తనంతట తాను ఆగేలా దాన్ని మార్చుకున్నాం, డిస్కుల నాటి ఖాళీ అంత కాకపోయినా. నిజం చెప్పాలంటే మిగిలిన పని ఆయన ఒంటి చేత్తో చేసుకోగలిగేవాడు. నేను కూనిరాగాలు వినేదాన్ని, పుస్తకాలు చదివేదాన్ని. ఒక్కసారి మాత్రం కష్టమొచ్చింది. పెనుగొండలో బంధువుల పెళ్లికి అత్త కూడా వచ్చి, సరిగ్గా మా పక్కనే కుర్చీ వేయించుకుంది. ఆ పూటంతా ఆయన ముందు నుంచి "ఒత్తు!" అని అరవడం, నేను "ఒత్తినా!" అని బదులు అరవడం. ఒకే పాటకు నాలుగైదుసార్లు. ఒకసారి ఆయన అరవడం మర్చిపోతే నేనే ముందుగా "ఒత్తినా!" అన్నాను. అత్త పక్కవాళ్లతో గర్వంగా చెబుతోంది: "దానికి ఇద్దరు కావల్ల. ఒగరితో అయ్యేది గాదు."

ఆయన పోయి రెండేళ్లవుతోంది. గుండె. ఒక ఆదివారం పొద్దున, కాఫీ చల్లారేలోగా. తర్వాత నేను ఆ లాప్‌టాప్ తెరవలేదు. భర్త పోయినదాన్ని పెళ్లికి ఎవరూ పిలవరని తెలుసు, నేనూ ఎవరినీ అడగలేదు. ఇంటిపట్టునే ఉన్నాను. అలా ఉండాల్సి వస్తుందని ఒకప్పుడు ఎంత బెంగపడ్డానో తలుచుకునే ఓపిక కూడా లేదు. ఏడాది తిరిగాక మా వీధిలోనే ఉండే దర్జీ సాయిబు, మా ఆయనకు స్నేహితుడు, ఇంటికొచ్చాడు. "మనవరాలి పుట్టినరోజమ్మా. మీ పాటలే కావల్లంటాంది. అన్న లేడని తెలుసు. అయినా అడగల్లని వచ్చినా" అన్నాడు. నా వల్ల కాదన్నాను. లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది.

"దానికి ఇద్దరు కావల్ల గదప్పా. అదొక్కతే ఎట్ల చేస్తాది?"

నన్ను కాపాడుతోంది అనుకున్నాను. ఆమె గోడ పట్టుకుని వసారాలోకి వచ్చి కూర్చుంది. నా వైపు తిరిగి అంది: "నేనొస్తాలే అమ్మీ. యాడ ఒత్తల్లో చూపీ."

ఒక్కరు చాలని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. ఆ అబద్ధం ఆయనది, దాన్ని ఇప్పుడు నేను తీసేస్తే ఆయనది ఇంకొకటి తగ్గిపోతుంది.

పుట్టినరోజు నాడు అత్తకు మౌస్ ఇచ్చాను. దాని తీగ దేనికీ తగిలించలేదు. ఆమె దాన్ని రెండు చేతులతో, కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, పాటకు ముందు ప్రతిసారీ "ఇప్పుడా?" అని అడిగేది. "ఇప్పుడే అత్తా" అనేదాన్ని. ఆమె ఒత్తేది. అదే క్షణంలో నేను కొంగు కింద దాచిన వేలితో అసలు మీట నొక్కేదాన్ని. పాట వచ్చేది. ఆమె తృప్తిగా తల ఆడించేది. చత్వారం కళ్లద్దాలు పెట్టుకున్న ఇంత పెద్ద ఆడమనిషిని, ఎనభై ఏళ్ల మనిషికి దొరక్కుండా కొంగు చాటున వేలు దాచుకుంటున్నానని గుర్తొచ్చి, అక్కడే నాకు కొంచెం నవ్వొచ్చింది. "ఏమ్మే, నగుతాండావు? పని మీద ధ్యానం ఉండల్ల" అంది అత్త. సరేనని ఇంకో పాట పెట్టాను.