ఇరవై కంప్యూటర్లలోనూ నా డైరీ

జూన్ నెల, బడులు తెరిచే ముందటి శుక్రవారం. హాజరు: నేను, చిక్కడపల్లిలో మా కింది వాటాలో ఉండే రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, మమ్మల్ని సాయానికి పిలిచిన నారాయణగూడ బడి కంప్యూటర్ టీచరు, ఆమె ల్యాబ్‌లోని ఇరవై కంప్యూటర్లు. కంప్యూటర్లను హాజరులో వేయడమేమిటని మాస్టారు వెక్కిరించాడు. వాటిలో ఆరు స్విచ్ వేసినా లేవనే లేదు కనుక వాటికి గైర్హాజరు కూడా వేశాను.

టీచరుది మహబూబ్‌నగర్ వైపు పల్లె. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి సర్కారు పరీక్షలకు చదువుకుంటూ, పగలు ఈ బడిలో చెబుతుంది. పోయినేడు పిల్లలు ఒక్కో మిషన్‌ను ఒక్కో రకంగా పాడుచేశారు. శనివారం పదింటికి హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి చూస్తారు. ఇరవయ్యీ సరిగ్గా నడిస్తే ల్యాబ్ ఉంటుంది. లేకపోతే ఆ గది టీచర్ల భోజనాల గది అవుతుంది, ఈ అమ్మాయి ఉద్యోగం పోతుంది.

నేను ఆఫీసులో ఉన్నన్నాళ్లూ కంప్యూటర్లు చూసుకున్నవాణ్ణి. పద్ధతి ఒక్కటే. ముందు ఒక్క మిషన్‌ను పిల్లలకు కావలసినట్టు సర్దాలి. దాని డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా నకలు తీయాలి. దాన్నే ఇమేజ్ అంటారు. పెన్‌డ్రైవ్‌తో దాన్ని మిగతా వాటిలోకి దించితే, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు లేస్తాయి.

లేవని ఆరింటినీ మాస్టారు చూసుకున్నాడు. లోపలి ర్యామ్ ముక్కలు ఊడదీసి, బొమ్మలు దిద్దే రబ్బరుతోనే వాటి అంచులు తుడిచాడు. ఆరూ లేచాయి. ఆ తరువాత గంటసేపు అతని మాటలు భరించాం.

సాయంత్రానికి పని పూర్తయింది. టీచరు ఒక్కో మిషన్ తెరిచి చూస్తూ ఆగిపోయింది.

"సార్, గిదేంది? అన్నిట్ల ఒకటే ఫైలుంది."

చదివాను. నా చేతిరాత కాదు గానీ నా రాతే. కొత్త పెన్ను కొంటే అందరూ శ్రీరామ అని రాసి చూస్తారు. నేను ఆనాటి డైరీ రాసి చూస్తాను. మొదటి మిషన్‌లో తెలుగు అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటానికీ అదే చేశాను. తీసేయడం మరిచాను. అది ఇమేజ్‌లోకి పోయి, ఇరవైలోకీ దిగింది. అందులో ఒక వాక్యం: "హెడ్‌మిస్ట్రెస్ గారికి కంప్యూటర్ల మీదకన్నా టిఫిన్ క్యారియర్ మీద గురి ఎక్కువని మాస్టారు అన్నాడు. నేను కాదనలేదు."

"నా పేరెందుకు ఇరికించావయ్యా!" అన్నాడు మాస్టారు.

"అన్నది నువ్వే కదా."

"అంటే రాసేస్తావా? నీ ముందు తుమ్మాలన్నా భయమే!"

ఇంతలో బడి మూసే వేళయిందని వాచ్‌మన్ తాళాలతో వచ్చి నిలబడ్డాడు.

మరునాడు ఎనిమిదింటికే చేరాం. "చేత్తోనే తీసేద్దాం సార్, పది నిమిషాల పని" అంది టీచరు. నేను ఒప్పుకోలేదు. ఇమేజ్‌లో ఉన్నంతకాలం, ఏ మిషన్‌ను మళ్లీ నిలబెట్టినా ఆ వాక్యం తిరిగొస్తుంది. మూలం దిద్దాల్సిందే.

"మీ ఇష్టం సార్. గానీ పదింటిలోపల కావాలె. నా నౌకరీ పోతది" అంది. ముఖం చిన్నబోయింది.

మొదటి మిషన్ శుభ్రం చేసి, కొత్త ఇమేజ్ తీసి, నాలుగు పెన్‌డ్రైవ్‌లతో విడతకు నాలుగేసి మిషన్లలోకి దించుతూ పోయాం. నాలుగో విడత నడుస్తుండగా, తొమ్మిదిన్నరకే హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చేశారు. ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చోలేదు. ఆఖరి వరుసలో, ఇంకా దిద్దని మూడింటిలో ఒకదాని ముందు కూర్చున్నారు. ఫైలు తెరిచారు. చదివారు. మాస్టారు ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టసాగాడు.

"ఇది అన్నిట్లోనూ ఉందా?"

తప్పు నాదని చెప్పబోయాను. టీచరు నాకన్నా ముందు అడుగు వేసింది.

"ఉండె మేడమ్. పదమూడింట్ల పోయింది, నాలుగింట్ల పోతున్నది, మూడు మిగిలినయ్. మొదటిదాంట్ల దిద్దినం, అదే అన్నిట్లకు పోతది. పిల్లలు ఎన్నిసార్లు పాడుచేసినా ఇరవై నిమిషాల్ల మళ్ల ఇట్లనే నిలబెడ్త."

"నా ఎదురుగా చెయ్యి."

టీచరు అప్పుడే పని ముగిసిన పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి గుచ్చింది. ఆవిడ వాచీ చూసుకుని కుర్చీలోంచి కదల్లేదు. పద్దెనిమిది నిమిషాలకు మిషన్ లేచాక ఆవిడే ఫైలు కోసం వెతికారు. లేదు.

"టెన్త్‌కు వారానికి ఎన్ని పీరియడ్లు కావాలి?"

"మూడు మేడమ్."

"రెండు" అని, చేతిలోని టైమ్‌టేబుల్ మీద పెన్సిల్‌తో వేసుకున్నారు.