పదకొండుమంది బావలూ ఒక అంపైరూ

ఆ రోజుల్లో మా ఉక్కునగరంలో ఎవరింట్లో కంప్యూటర్ ఉంటే అది సెక్టారంతటికీ ఉన్నట్టే లెక్క. మా ఇంట్లో ఉన్నది నాన్న ఎక్కడో చూసి తెచ్చిన పాతది. స్విచ్చి వేసి, టీ తాగి వస్తే అప్పటికి తెర వెలిగేది. అందులో ఒక క్రికెట్ ఆట ఉండేది. ఆటగాళ్లు అగ్గిపెట్టెలు పేర్చి చేసినట్టుండేవారు. మొహం అంటే ఒక గోధుమరంగు గడి, అందులో కళ్లని మనం అనుకోవాల్సిన రెండు చుక్కలు. అయినా వికెట్ పడితే మాకు అన్నం దిగేది కాదు. (ఈ మాట ఇప్పటి పిల్లలకి చెబితే జాలిగా చూస్తారు. చూడనివ్వండి.)

మేనత్త కొడుకు, మా బావ, ఎలమంచిలి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. చదువు సంగతి నేను చెప్పకూడదు గానీ, సెక్టార్ జట్టుకి ఓపెనర్ మాత్రం ఆయనే. ఒక వాన రోజు స్కూటర్ జారి మోకాలు విరిగింది. పిండికట్టు విప్పిన డాక్టర్, నడవడానికి ఢోకా లేదు, పరుగులూ ఆటలూ మాత్రం మర్చిపోమన్నాడు. ఆ మాటతో బావ బ్యాటుని అటక ఎక్కించి, నోటికి తాళం వేసుకున్నాడు. వసపిట్టలాంటి మనిషి మౌనం పడితే ఇల్లు ఎంత బెంగగా ఉంటుందో అప్పుడే తెలిసింది. బావని మళ్లీ మాట్లాడించకపోతే పేరు మార్చుకుంటానని అమ్మ ముందు శపథం చేశాను. "ముందు పరీక్ష పాసవ్వరా, పేరు తర్వాత మార్సుకుందువు గాని" అంది అమ్మ.

బతిమాలి, లాక్కొచ్చి, బావని ఆ ఆట ముందు కూర్చోబెట్టాను. మొదట విసుగ్గా మీటలు నొక్కాడు. నాలుగు బంతులు పడేసరికి నడుం నిటారైంది. కాసేపటికి నోరు కూడా తెరుచుకుంది. "ఏటి బావా ఈ బౌలరు, కొంగలాగ ఎగురుతన్నాడు!" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే నాకు పేరొచ్చేది. కానీ నేను మొదలుపెట్టిన పనిని బాగుచేయకుండా వదిలే రకం కాదు. ఆ అగ్గిపెట్టె మనిషితోనే బావకి ఇంత ఆనందమైతే, వాడికి బావ మొహమే పెడితే ఇంకెంత ఆనందం! ఆటలో బొమ్మల ఫైలు ఏదో కనిపెట్టాను. ఇక ఫొటో కావాలి. బావ దగ్గర మిగిలింది ఒక్కటే, ఏదో ఉద్యోగం అప్లికేషన్‌తో పాటు తిరిగొచ్చినది. స్టూడియో వాళ్ల కోటు, టై, మొహం నిండా పౌడరు, ఎడమ బుగ్గ మీంచి మెడ దాకా గెజిటెడ్ ఆఫీసర్ గారి పచ్చ సిరా సంతకం. దాన్ని పట్టుకుని పూర్ణా మార్కెట్ దగ్గర పెళ్లికార్డులు వేసే షాపుకి వెళ్లి స్కాన్ చేయించాను. "పెళ్లికొడుక్కి బుగ్గసుక్క పెడతారు గానీ సంతకం పెడతారేటి బాబూ?" అన్నాడు షాపాయన.

అమర్చాక ఆట తెరిచాను. మొహాలన్నిటికీ అదొక్కటే ఫైలట! బ్యాట్స్‌మన్ బావ, బౌలర్ బావ, కీపర్ బావ. జట్టు జట్టంతా అటెస్ట్ చేయించుకుని మైదానంలోకి దిగింది. మెడ కింద పాత అగ్గిపెట్టె ఒళ్లు, మెడ పైన నిగనిగలాడే పౌడరు మొహం. మూడో బంతికే ఎల్బీ. అంపైర్ బావ వేలెత్తాడు. "నన్ను నానే అవుటిచ్చీసుకున్నానేటి!" అని బావ పగలబడి నవ్వాడు. మేమందరం పొట్టలు పట్టుకున్నాం.

మర్నాడు రమ్మంటే బావ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చివరికి గట్టిగా అడిగితే, గోడవైపు చూస్తూ అన్నాడు: "మునుపటోడికి మొకం నేదు బావా. ఆడు పరిగెడితే నాను పరిగెట్టినట్టుండేది. ఇప్పుడు నా మొకం అక్కడ పరిగెడతంది. నానిక్కడ కుర్సీలో ఉండిపోనాను."

నాకు ఏడుపొచ్చింది. పాత ఫైలు దాచుకోవాలన్న తెలివి అప్పటికి నాకు పుట్టలేదు. మొదట్లో ఆ ఆట సీడీ ఇచ్చిన స్నేహితుణ్ణి అడిగితే అదెప్పుడో చేతులు మారిపోయిందన్నాడు. సరే, పాడుచేసింది నేనే కాబట్టి ఆ గోధుమరంగు గడిని మళ్లీ నేనే గియ్యాలని కూర్చున్నాను. మొదటి మొహానికి మెల్లకన్ను వచ్చింది. రెండోదానికి కామెర్లు. ఇంకోదానికి, నేను అనుకోకపోయినా, మా లెక్కల మాస్టారి పోలిక వచ్చింది. గీసిన ప్రతిదీ బావకి చూపించేవాణ్ణి. బావ తల అడ్డంగా ఊపేవాడు. అమ్మ కంచం తెచ్చి పక్కన పెడితే అది చల్లారిపోయేది. మళ్లీ చెరిపేవాణ్ణి, మళ్లీ గీసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం విసుగెత్తి, ముక్కూ మూతీ అన్నీ తీసేసి, ఉత్త చుక్కలు రెండే పెట్టాను. బావ చాలాసేపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. నేను వెనక మంచం మీద కూర్చున్నాను. బంతి కవర్స్‌లోకి వెళ్లింది. ఒక పరుగు అయింది. బావ ఒళ్లంతా ముందుకు వంచి, తల తిప్పకుండానే అరిచాడు: "పరిగెట్టు బావా, రెండోది ఉంది, పరిగెట్టు!"

తెర మీద అవతలి ఎండ్‌లో ఉన్న బ్యాట్స్‌మన్ నేనేనని నాకెవరు చెప్పారో తెలియదు. మంచం మీంచి ఒక్క దూకు దూకాను. ఇప్పటి ఆటల్లో చెమటచుక్క కూడా లెక్కపెట్టుకోవచ్చు. వాటిని చూస్తూ నేను సోఫాలోంచి ఇంచీ కూడా కదలను. అప్పటి నాలోని కుర్రవెధవ మాత్రం గుమ్మం దాకా పరిగెత్తి, చేత్తో గడప తాకి, వెనక్కి కూడా వచ్చాడు.