జనక్‌పురి తాడుకు చిక్కిన పార

విశాఖ దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండరాయి ఒకటుంది. నీటికి ఇరవై అడుగుల ఎత్తు. కింద ఇసుక లేదు, కాలు మోపే చోటు లేదు. రాయి అంచు నుంచే లోతు మొదలవుతుంది. పోయినేడాది అక్కడ నా గాలానికి నాలుగు కిలోల పార చేప పడింది. అలసిపోయి సరిగ్గా నా కాళ్ల కింద తేలింది. నా దారం పదిహేను కిలోల బరువు ఆపుతుంది. నాలుగు కంటే పదిహేను ఎక్కువే కదా అని దారంతోనే పైకి లాగాను. సగం ఎత్తులో దారం రాయికి రాసుకుని పుటుక్కున తెగింది. నోట్లో గాలంతోనే చేప వెళ్లిపోయింది.

పక్కనున్న పెద్దాయన ఆ రాళ్ల మీదే చేపలు పడుతూ ముసలివాడైనవాడు. నా వైపు తిరిగాడు.

“దారానికి లెక్క కట్టేవు బాబూ. మరి రాయికి ఎవుడు కడతాడు?”

“సారీ తాతా.”

“నాకెందుకు సారీ, సేపకి సెప్పు. గాయం సేసి ఒగ్గీడానికయితే ఇంక ఈ రాయెక్కకు. వల దించి తియ్యడం నేర్చుకునే రా.”

ఇనుప చట్రానికి బిగించిన వలను తాడుతో దించి, చేపను అందులోకి తీసుకుని పైకి లాగడం అక్కడి పద్ధతి. ఢిల్లీకి తిరిగొచ్చాక నేను మొదట చేసిన పని జనక్‌పురిలో నా గది బాల్కనీ ఎత్తు కొలవడం. ఇరవై ఆరు అడుగులు. సరిపోతుంది. చట్రం వెల్డింగ్ చేయించాను, వల కుట్టాను, నైలాన్ తాడు కట్టాను. ఆదివారం పొద్దున కింద పెద్ద టబ్బులో నీళ్లు నింపి, చేపకు బదులు ఖాళీ సీసా వదిలి, దానికి కట్టిన దారం బాల్కనీలో పట్టుకున్నాను. పదకొండు సార్లు వల దించితే సీసా ఒక్కసారి చిక్కింది. మిగతా పదిసార్లు వల తగిలి సీసా పక్కకు జారిపోయింది.

పక్క బాల్కనీలో మా ఓనర్ ఆంటీ. కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. రోజూ పొద్దున బుట్టను తాడుతో దించి కింద వచ్చే బండి నుంచి కూరగాయలు తీసుకుంటుంది.

“అరే, జనక్‌పురిలో చేపలు పడుతున్నావేంటయ్యా?”

“ప్రాక్టీస్ ఆంటీ.”

“అచ్ఛా. సీసా ఎటు పోతే అటు పరిగెడుతోంది నీ వల. బుట్ట ఎప్పుడైనా బండి వెంట పడుతుందా? ముందు దించి కదలకుండా ఉంచు. బండే వస్తుంది.” అని బుట్ట దించి, అది నిలకడగా ఆగాక కేకేసింది. “భయ్యా, ఇధర్ ఆవో!”

బండి వచ్చి బుట్ట పక్కనే ఆగింది.

ఆ బుట్ట గాలికి ఊగదు. అడుగున సగం ఇటుక కట్టి ఉంది. తాడు లావుపాటి నూలుది, చెయ్యి కోయదు. నేను అడగకముందే పాత తాడు ఒకటి ఇచ్చింది. “నీ వల అడుగునా ఇలాగే ఇటుక కట్టు. తాడు తిరిగి తెచ్చివ్వాలి, ఠీక్ హై?”

ఆ చలికాలం పూర్తయ్యేసరికి పదికి పది సార్లు సీసా పైకొచ్చింది.

వారం పైనే సెలవు పెట్టి మళ్లీ ఆ రాయి దగ్గరికి వెళ్లాను. వలను చూసి పెద్దాయన ఎక్కనిచ్చాడు. మూడు రోజులు ఏమీ పడలేదు. నాలుగో రోజు సాయంత్రం నా రైలు. ఆ పొద్దున గాలం కర్ర ఒక్కసారిగా వంగింది.

పారే. లోతుకు లాగింది, రాళ్ల కిందికి దూరబోయింది. పావుగంట దాన్ని తిప్పాను. అది తేలకముందే వలను నీళ్లలోకి దించి, తాడు కొసను రాతికి చుట్టాను. వల మునిగి, ఇటుక బరువుకు నిలబడింది. చేప ఎడమకు తేలింది. ఎడమకు వలను జరపాలని చెయ్యి లాగింది. జరపలేదు. కర్రను మెల్లగా కుడికి తిప్పి, చేపనే తలవైపు నుంచి వల మీదికి నడిపించాను. అల పైకి లేచి చేపను వలలోకి తోసింది. కర్ర వదిలి రెండు చేతులతో తాడు లాగాను. ఇరవై అడుగులూ చేప వలలోనే కొట్టుకుంటూ పైకొచ్చింది. గట్టిగా అరిచేశాను.

పెద్దాయన వచ్చి చేపను చూసి, వల అడుగు తిప్పి చూశాడు.

“ఈ ఇటికముక్క ఎవులు కట్టమన్నారు?”

“ఢిల్లీలో ఒక ఆంటీ.”

“అక్కడ సముద్రముందేటి?”

“లేదు తాతా. కూరగాయల బండుంది.”

పకపకా నవ్వాడు. రాయి కొసన ఉన్న తన బకెట్ పక్కకు జరిపి, “రా, ఇక్కడేయ్, ఇక్కడే లోతు” అన్నాడు.

రైలుకు ఇంకా ఏడు గంటలున్నాయి. గాలానికి కొత్త ఎర గుచ్చాను.